గురుత్వ సిమ్యులేషన్‌ను ఎంతవరకు నమ్మొచ్చు: పరీక్షించే పద్ధతి

విశ్వంలో పదార్థం గురుత్వాకర్షణ వల్ల ఎలా గుమిగూడుతుందో లెక్కగట్టే ఎన్-బాడీ సిమ్యులేషన్ ఎప్పుడూ ఏదో ఒక ఫలితం ఇస్తుంది. సెట్టింగులు తప్పుగా ఉన్నా తంతువులు, హేలోలు (గురుత్వంతో కట్టుబడిన పదార్థపు ముద్దలు), శూన్యాలు చక్కగానే ఏర్పడతాయి. బొమ్మ చూసి తప్పు పట్టుకోవడం దాదాపు అసాధ్యం. అందుకే పరీక్షలు కావాలి. వాటిని అసలు రన్ అయ్యాక కాదు, దానికి ముందే చిన్న బాక్సుల్లో (బాక్సు అంటే లెక్కకు తీసుకున్న విశ్వపు ఘనాకార ముక్క) చేసుకోవాలి.

"ఈ సిమ్యులేషన్ నమ్మదగినదేనా?" అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. ఏ రాశి, ఏ దూరం దగ్గర, ఏ రెడ్‌షిఫ్ట్‌లో (అంటే విశ్వ చరిత్రలో ఏ కాలంలో; సున్నా అంటే నేడు, సంఖ్య పెరిగేకొద్దీ గతం), ఎంత శాతం లోపు అనే నాలుగూ చెబితేనే ప్రశ్న పూర్తవుతుంది. పవర్ స్పెక్ట్రాన్ని (ఏ పొడవు తరంగాల్లో సాంద్రత హెచ్చుతగ్గులు ఎంత బలంగా ఉన్నాయో చూపే గీతను) 1 శాతం లోపు సరిగ్గా ఇచ్చిన రన్నే హేలో నడిబొడ్డున సాంద్రతను సగానికి సగం తప్పు చూపించొచ్చు. కాబట్టి మొదట ఆ నాలుగూ కాగితం మీద రాసుకోండి. మిగతా పనంతా ఆ వాక్యాన్ని రుజువు చేయడమో, కొట్టేయడమో.

తప్పులకు మూలం ఒకటే. అసలు కృష్ణ పదార్థం ఢీకొనని, నునుపైన ప్రవాహం. మనం దాన్ని కొన్ని కోట్ల బరువైన బిందువులతో అంచనా వేస్తున్నాం. ఆ బిందువులు ఒకదాన్నొకటి విసిరేసుకుంటాయి, ఒకే బాక్సులో బందీలుగా ఉంటాయి, తెగిన అడుగులతో కదులుతాయి. పైగా 1964లోనే మిల్లర్ చూపించినట్టు, ఆరంభంలో రవ్వంత తేడా ఉన్నా ఒక్కో కణం దారి ఎక్స్‌పొనెన్షియల్‌గా విడిపోతుంది. కాబట్టి ఒక కణం ఎక్కడికి చేరిందన్నది ఏ రన్‌లోనూ నమ్మదగిన సమాచారం కాదు. గణాంకాలే నమ్మదగినవి, అవి కూడా హద్దుల లోపలే.

ముందు కాగితం మీద లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. 500 మెగాపార్సెక్‌ల (ఒక మెగాపార్సెక్ సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాలు) బాక్సు, ఒక్కో దిశలో 1024 చొప్పున మొత్తం దాదాపు 107 కోట్ల కణాలు, పదార్థ సాంద్రత పరామితి 0.31. ఈ వ్యాసంలో దూరాలు, ద్రవ్యరాశులు అన్నీ హబుల్ పరామితి (విశ్వ విస్తరణ వేగాన్ని సూచించే సంఖ్య) కలిసిన ప్రమాణాల్లోనే ఉన్నాయి, ప్రతిసారీ దాని గుర్తు రాయడం లేదు.

సందిగ్ధ సాంద్రత (విశ్వం జ్యామితి చదునుగా ఉండటానికి కావలసిన సగటు సాంద్రత) ఘన మెగాపార్సెక్‌కు 27,750 కోట్ల సౌర ద్రవ్యరాశులు. దాన్ని 0.31తో గుణిస్తే సుమారు 8,600 కోట్లు. కణాల మధ్య సగటు ఎడం 500ని 1024తో భాగిస్తే 0.488 మెగాపార్సెక్‌లు, దాని ఘనం 0.116. అంటే ఒక్కో కణం బరువు సుమారు 1,000 కోట్ల సూర్యుళ్లు. పోలికకు 2005లో వెలువడిన మిలీనియం సిమ్యులేషన్‌ను చూడండి. బాక్సు ఇంతే, కానీ ఒక్కో దిశలో 2160 కణాలు, కణం బరువు 86 కోట్లు, సాఫ్టెనింగ్ (కణాలు మరీ దగ్గరైనప్పుడు వాటి మధ్య బలాన్ని కావాలని మెత్తబరిచే దూరం) 5 కిలోపార్సెక్‌లు.

ఈ ఒక్క సంఖ్య నుంచే చాలా హద్దులు తేలిపోతాయి. 20, 30 కణాలున్న గుంపు కేవలం "ఇక్కడ ఏదో ఉంది" అని చెబుతుంది. హేలోల సంఖ్యను ద్రవ్యరాశి వారీగా లెక్కించాలంటే కనీసం 100 నుంచి 300 కణాలు కావాలి. స్పిన్, ఆకారం కొలవాలంటే 300 నుంచి 1,000. సాంద్రత ప్రొఫైల్‌కు (కేంద్రం నుంచి దూరంతో సాంద్రత మారే తీరుకు) వేలల్లో కావాలి. అంటే మన బాక్సులో 3 లక్షల కోట్ల సౌర ద్రవ్యరాశుల కంటే తేలికైన హేలోల మీద గట్టిగా ఏమీ చెప్పకూడదు.

సాఫ్టెనింగ్‌ను చాలామంది సగటు ఎడంలో 25వ వంతు నుంచి 40వ వంతు మధ్య పెడతారు. మన బాక్సులో 30వ వంతంటే 16 కిలోపార్సెక్‌లు. దీన్ని తగ్గిస్తే "రిజల్యూషన్ పెరిగింది" అనుకోవడం ఈ రంగంలో చాలా పాత పొరపాటు. సాఫ్టెనింగ్ తగ్గితే బలం పదునెక్కుతుందే తప్ప పదార్థం గురించి కొత్త సమాచారమేమీ రాదు. కణాల మధ్య విసుర్లు మాత్రం పెరుగుతాయి.

బాక్సు వైపు హద్దు కూడా ఇప్పుడే చూసుకోండి. అతి చిన్న తరంగ సంఖ్య (తరంగం ఎంత పొడవైతే ఇది అంత చిన్నది) 2πని 500తో భాగించగా వచ్చే 0.0126. ఆ పొరలో ఉండే తరంగాలు 6, వాటిలో స్వతంత్రమైనవి 3. అంటే అక్కడ పవర్ స్పెక్ట్రంలో సహజంగానే 58 శాతం చెదురు ఉంటుంది. బాక్సు కంటే పొడవైన తరంగాలు అసలు లేవు కాబట్టి భారీ క్లస్టర్ల సంఖ్య కూడా తగ్గుతుంది. చెదురును తగ్గించడానికి 2016లో ఆంగులో, పాంట్‌జెన్ చూపిన దారి చౌకైనది: తరంగాల పరిమాణాలను సగటు విలువకే కట్టేసి, ఫేజులు (తరంగాల శిఖరాలు ఎక్కడ పడతాయన్నది) తలకిందులు చేసిన జంట రన్ నడిపి, రెండింటి సగటు తీసుకోవడం. అయితే చెదురును అంచనా వేయడానికే ఆ జంటను వాడకండి. దాని చెదురును మనమే తీసేశాం.

ఆరంభ స్థితి

తుది ఫలితంలో కనిపించే తప్పుల్లో చాలావాటి పుట్టుక ఇక్కడే. మూడు పనులు చేయండి.

మొదటిది, ఆరంభ ఫైలు నుంచే పవర్ స్పెక్ట్రం కొలిచి, ఆ రెడ్‌షిఫ్ట్‌కు సరళ సిద్ధాంతం (హెచ్చుతగ్గులు చిన్నవిగా ఉన్నంతకాలం చెల్లే లెక్క) ఇచ్చే గీతతో పోల్చండి. చెదురు వల్ల గందరగోళం రాకుండా సగటు గీతతో కాక, ఆ రన్ యాదృచ్ఛిక సంఖ్యల నుంచి వచ్చిన తరంగాలతోనే ఒక్కొక్కటిగా పోల్చాలి.

రెండోది, వేగాలు. గాడ్జెట్ అనే సిమ్యులేషన్ కోడ్ ఫైలు పద్ధతిలో వేగాన్ని స్కేల్ ఫ్యాక్టర్ (నేటితో పోల్చితే విశ్వం ఎంత సైజులో ఉందన్నది) వర్గమూలంతో భాగించి దాచుతారు. ఇది మరిచిపోతే రెడ్‌షిఫ్ట్ 49 దగ్గర వేగం ఏడు రెట్లు తప్పుతుంది. ఇంత పెద్ద తప్పు కూడా రన్‌ను ఆపదు. కొన్ని అడుగుల తర్వాత అతి పొడవైన తరంగాల పెరుగుదలను సరళ సిద్ధాంతంతో పోల్చితే మాత్రం వెంటనే బయటపడుతుంది. ఆ పోలికలోనే మరో తప్పు కూడా దొరుకుతుంది: ఆరంభ స్పెక్ట్రం లెక్కించిన ప్రోగ్రాం వికిరణాన్ని కలిపి, సిమ్యులేషన్ విస్తరణలో దాన్ని వదిలేస్తే పొడవైన తరంగాలన్నీ ఒకే నిష్పత్తిలో పక్కకు జరుగుతాయి. అప్పుడు నేటి స్పెక్ట్రాన్ని సిమ్యులేషన్ సొంత వృద్ధి రేటుతో వెనక్కి తీసుకెళ్లి వాడాలి.

మూడోది, ఎక్కడ మొదలుపెట్టాలన్నది. జెల్డోవిచ్ ఉజ్జాయింపుతో (కణాలను ఆరంభ దిశలోనే తిన్నగా జరిపే సులభ లెక్కతో) మొదలుపెడితే నకిలీ అంశాలు కొన్ని వెంట వస్తాయి. అవి స్కేల్ ఫ్యాక్టర్‌కు విలోమంగా, చాలా నెమ్మదిగా చస్తాయి. ఫలితం: అరుదైన భారీ హేలోలు తగ్గిపోతాయి. 2006లో క్రోచే, ప్యూబ్లాస్, స్కోచిమారో దీన్ని వివరంగా చూపాక, ఆ ఉజ్జాయింపును ఒక మెట్టు మెరుగుపరిచే రెండో ఆర్డర్ లగ్రాంజియన్ పద్ధతి మామూలు అలవాటైంది. అలాగని మరీ ముందు నుంచి మొదలుపెట్టినా మేలు లేదు. అప్పుడు హెచ్చుతగ్గులు చాలా చిన్నవి, బలాలు ఒకదాన్నొకటి దాదాపు రద్దు చేసుకుంటాయి, ట్రీ పద్ధతిలోని (దూరపు కణాలను గుంపులుగా కలిపి బలం లెక్కించే పద్ధతి) చిన్న లోపం కూడా అసలు బలంతో సమానమైపోతుంది. కణాలు ఆరంభంలో పేర్చిన జాలకంపై (సమాన ఎడాల గళ్లపై) ఉన్నంతకాలం చిన్న తరంగాలు సరైన వేగంతో పెరగవు కూడా. సగటు ఎడం స్థాయిలో సాంద్రత హెచ్చుతగ్గులు 0.1 నుంచి 0.2 మధ్య ఉండేలా ఎంచుకోండి. మన ఉదాహరణకు రెండో ఆర్డర్‌తో రెడ్‌షిఫ్ట్ 49 సరిపోతుంది. నిర్ధారణకు 49, 99 రెండింటి నుంచీ ఒకే ఫేజులతో చిన్న రన్లు నడిపి, ఫలితాల నిష్పత్తి చూడండి.

జవాబు తెలిసిన పరీక్షలు

రిజల్యూషన్ పెంచి ఫలితం మారలేదని చూడటం కంటే, సరైన జవాబు ముందే తెలిసిన సమస్య ఇవ్వడం మేలు. రెండు ఉన్నాయి. రెండూ చేయాలని మా గట్టి అభిప్రాయం.

సమతల తరంగం. ఒక్క సైన్ తరంగాన్ని బాక్సులో పెట్టండి. దాని దిశ జాలకం అక్షాల వెంట కాకుండా ఏటవాలుగా ఉండాలి, ఇది ముఖ్యం. అక్షం వెంట పెడితే జాలకపు సమరూపత తప్పును దాచేస్తుంది. ఒక్కో దిశలో 64 కణాలు చాలు. కణాల దారులు ఒకదాన్నొకటి దాటేవరకూ జెల్డోవిచ్ పరిష్కారం కచ్చితమైనది. అక్కడిదాకా స్థానాలు సరిపోలుతున్నాయో చూడండి. దాటిన తర్వాత కూడా ఒక మాట తప్పనిసరిగా నిలవాలి: తరంగ దిశకు అడ్డంగా వేగం పుట్టకూడదు. అడ్డ వేగపు వర్గసగటు మూలాన్ని తరంగ దిశ వెంటి వేగానిదానితో భాగించి కాలంతో పాటు గీయండి. సాఫ్టెనింగ్ సగటు ఎడంలో 30వ వంతుంటే, కూలిన తర్వాత ఈ నిష్పత్తి పెరుగుతుంది. అంటే కణాలు ఒకదాన్నొకటి పక్కకు విసురుతున్నాయి. సాఫ్టెనింగ్‌ను సగటు ఎడం దాకా పెంచితే అది అణిగిపోతుంది. మెలాట్, షాండారిన్, స్ప్లింటర్, సుటో 1997లో ఈ పరీక్షతోనే ఢీకొనని పదార్థమని చెప్పుకునే సిమ్యులేషన్లలో ఢీకొట్టుళ్లు ఉన్నాయని చూపించారు.

దీన్నుంచి ఏం గ్రహించాలి? సగటు ఎడం కంటే చిన్న దూరాలన్నీ పనికిరావని ఆ బృందం వాదన. ఎక్కువమంది అంత దూరం వెళ్లరు. హేలో లోపల సాంద్రత సగటుకు 200 రెట్లైతే స్థానిక ఎడం ఆరో వంతుకు కుదించుకుపోతుంది, కణాలు చాలాసార్లు కలగలుస్తాయి, అక్కడ చిన్న సాఫ్టెనింగ్‌కు అర్థం ఉంది. కానీ తంతువుల్లో, పొరల్లో, శూన్యాల్లో ఆ సాకు లేదు. అక్కడి సూక్ష్మ నిర్మాణం మీ అధ్యయన విషయమైతే ఆ హెచ్చరికను అక్షరాలా తీసుకోండి.

స్వయం సారూప్యత. పదార్థం మాత్రమే ఉన్న ఐన్‌స్టీన్-డి సిట్టర్ విశ్వంలో, ఘాత రూపపు (తరంగ సంఖ్యకు ఒకే ఘాతంగా మారే) ఆరంభ స్పెక్ట్రంతో నడిపితే ఏ ప్రత్యేక పొడవూ ఉండదు. కాబట్టి వేర్వేరు కాలాల గణాంకాలన్నీ తగిన మేరకు జరిపితే ఒకే గీత మీద పడాలి. ఘాతం మైనస్ 1 అయితే, స్కేల్ ఫ్యాక్టర్ రెట్టింపైనప్పుడు గ్రాఫు తరంగ సంఖ్యలో సగానికి జరగాలి. ఘాతం మైనస్ 2 అయితే పావుకు. సాఫ్టెనింగ్, కణాల ఎడం, బాక్సు పొడవు, ఆరంభ కాలం వంటి మన సెట్టింగులు మాత్రమే ఈ నియమాన్ని చెడగొట్టగలవు. అదే దీని బలం. వరసగా స్నాప్‌షాట్లు (ఆయా క్షణాల్లో కణాల స్థితిని దాచిన ఫైళ్లు) తీసి, జరిపిన అక్షం మీద ఒకదానిపై ఒకటి గీయండి. చిన్న దూరాల చివర గీతలు విడిపోయే చోటు మీ రిజల్యూషన్ హద్దు. ఆలస్యపు కాలాల్లో పెద్ద దూరాల చివర విడిపోతే అది బాక్సు హద్దు. మైనస్ 1తో మొదలుపెట్టండి. మైనస్ 2 గెలాక్సీ స్థాయి స్పెక్ట్రానికి దగ్గరైనా, పొడవైన తరంగాల్లో శక్తి ఎక్కువ కాబట్టి బాక్సు లోపం త్వరగా ముంచెత్తుతుంది, నమ్మదగిన కాలవ్యవధి తక్కువ.

కన్వర్జెన్స్ రన్లు, అవి ఎలా మోసగిస్తాయి

కన్వర్జెన్స్ అంటే రిజల్యూషన్ పెంచినా ఫలితం మారకపోవడం. దాన్ని చూడటానికి కనీసం మూడు రిజల్యూషన్లు కావాలి. రెండింటితో తేడా తెలుస్తుంది గానీ, అది తగ్గుతోందో లేదో తెలియదు. 250 మెగాపార్సెక్‌ల బాక్సులో ఒక్కో దిశకు 256, 512, 1024 కణాలు తీసుకోండి. 512 రన్ కణం బరువు మన అసలు బాక్సుతో సమానం, 1024 రన్‌లో అది ఎనిమిదో వంతు. మూడింటికీ ఉమ్మడి తరంగాలు ఒకే ఫేజులతో ఉండాలి. ఆరంభ స్థితి ప్రోగ్రాం యాదృచ్ఛిక సంఖ్యలను జాలకం పరిమాణంతో సంబంధం లేకుండా చిన్న తరంగ సంఖ్యల నుంచి బయటికి కేటాయిస్తోందో లేదో చూసుకోండి. లేకపోతే మీరు పోల్చేది రెండు వేర్వేరు విశ్వాలను. గీతలను పక్కపక్కన కాదు, నిష్పత్తిగా గీయండి. లాగరిథం గ్రాఫు మీద 5 శాతం తేడా కంటికి ఆనదు.

ఇక మోసం. కణాల సంఖ్య, సాఫ్టెనింగ్, టైమ్‌స్టెప్‌లలో ఒకదాన్నే మారుస్తూ మిగతావి కదలకుండా ఉంచితే ఫలితం ఒక చోట స్థిరపడుతుంది, కానీ ఆ చోటు తప్పు కావచ్చు. దీనికి గట్టి ఉదాహరణ ఉపహేలోలది. పెద్ద హేలోలో తిరిగే చిన్న హేలోలు అలల బలాలకు చిరిగి మాయమవుతాయని ఎన్నో ఏళ్లు నమ్మారు, కన్వర్జెన్స్ కూడా కనిపించేది. 2018లో వాన్ డెన్ బాష్, ఒగియా విడిగా పరీక్షించి, ఆ మాయమవడంలో ఎక్కువ భాగం కృత్రిమమని, సాఫ్టెనింగ్ సరిపోకపోవడం, కణాలు తక్కువ కావడం దానికి కారణాలని చూపారు. అందుకే కణాల సంఖ్య ఒక వైపు, సాఫ్టెనింగ్ మరో వైపు పెట్టి చిన్న గళ్ల పట్టిక నడపండి. మూల నుంచి మూలకు వెళ్లినా ఫలితం కదలకపోతేనే దాన్ని కన్వర్జెన్స్ అనండి.

రెండో ఉదాహరణ వెచ్చని కృష్ణ పదార్థం (ఆరంభంలో కణాలకు సొంతంగా కొంత వేగం ఉండే రకం). ఆరంభ స్పెక్ట్రంలో చిన్న తరంగాలు తెగిపోయి ఉంటాయి కాబట్టి చిన్న హేలోలు రాకూడదు. వస్తాయి. తంతువుల వెంట పూసల్లా, సగటు ఎడానికి సరిపోయే దూరాల్లో వరసగా ఏర్పడతాయి. 2007లో వాంగ్, వైట్ లెక్క ప్రకారం ఈ నకిలీల ద్రవ్యరాశి హద్దు కణాల సంఖ్య ఘనమూలంతో మాత్రమే తగ్గుతుంది: కణాలు 8 రెట్లు పెంచితే హద్దు సగమే. జాలకం బదులు గ్లాస్ అమరిక (వరసలు లేకుండా సమంగా పరిచిన కణాలు) వాడినా పోవు. నకిలీని గుర్తుపట్టాలంటే ఆ హేలోలోని కణాలను ఆరంభ కాలానికి తీసుకెళ్లి చూడండి. అసలైనవి గుండ్రటి ముద్దగా ఉంటాయి, నకిలీలు చదునైన పలకలా ఉంటాయి.

హేలో లోపల ఎంత లోతుకు

ఇక్కడ సాఫ్టెనింగ్ కాదు, కణాల జంట విసుర్లే హద్దును నిర్ణయిస్తాయి. 2003లో పవర్, సహచరులు ఇచ్చిన కొలమానం ఇది. ఒక వ్యాసార్థం లోపలి కణాల సంఖ్యను, ఆ సంఖ్య సహజ లాగరిథానికి 8 రెట్లతో భాగించండి. దాన్ని అక్కడి కక్ష్యా కాలానికీ, సాంద్రత సందిగ్ధ సాంద్రతకు 200 రెట్లయ్యే అంచు దగ్గరి కక్ష్యా కాలానికీ ఉన్న నిష్పత్తితో గుణించండి. ఫలితం 0.6 దాటిన చోటు నుంచే సాంద్రత నమ్మదగినది.

సంఖ్యల్లో చూద్దాం. మన బాక్సులో 10,000 కణాల క్లస్టర్ అంటే కోటి కోట్ల సూర్యుళ్లు, అంచు వ్యాసార్థం సుమారు 755 కిలోపార్సెక్‌లు. కాన్సెంట్రేషన్ (ద్రవ్యరాశి కేంద్రం వైపు ఎంత చిక్కగా ఉందో చెప్పే సంఖ్య) 5 ఉన్న ఎన్‌ఎఫ్‌డబ్ల్యూ ప్రొఫైల్ (హేలోలకు వాడే ప్రామాణిక సాంద్రత సూత్రం) తీసుకుంటే హద్దు అంచు వ్యాసార్థంలో దాదాపు 6 శాతం దగ్గర, అంటే 46 కిలోపార్సెక్‌ల దగ్గర పడుతుంది. సాఫ్టెనింగ్ 16 అయినా సరే, నమ్మకం 46 దగ్గరే ఆగిపోతుంది. 1,000 కణాల హేలోకు అదే లెక్క 16 శాతం ఇస్తుంది. ఈ హద్దు లోపల కేంద్రం చదునుగా కనిపిస్తే అది భౌతిక శాస్త్రం కాదు, కణాల కొరత. ఒక్కో హేలోకు విడిగా లెక్కించి, ప్రొఫైల్ ఫిట్ చేసేటప్పుడు ఆ లోపలి బిందువులను తీసేయండి.

టైమ్‌స్టెప్, బలం

సాఫ్టెనింగ్‌కు రెట్టింపును కచ్చితత్వ పరామితితో గుణించి, త్వరణంతో భాగించి, వర్గమూలం తీస్తే కణం అడుగు వస్తుంది. గాడ్జెట్‌లో ఆ పరామితికి సాధారణ విలువ 0.025. దాన్ని నాలుగో వంతు చేస్తే అడుగు సగమవుతుంది. హేలో కేంద్రాలు, ఆరంభ దశ పెరుగుదల రెండూ మారకుండా ఉంటే చాలు. పెద్ద అడుగుల లక్షణం ఒకటే: కేంద్రం పలుచబడుతుంది. విస్తరణకు సంబంధించిన గరిష్ఠ అడుగును కూడా విడిగా తగ్గించి చూడండి, అది పొడవైన తరంగాల మీద పని చేస్తుంది.

బలం కోసం వెయ్యి, రెండు వేల కణాలను యాదృచ్ఛికంగా ఎంచి, ఎవాల్డ్ పద్ధతితో (బాక్సు అన్ని వైపులా పునరావృతమవుతుందని తీసుకుని) నేరుగా కూడి, కోడ్ ఇచ్చిన బలంతో పోల్చండి. సగటు చూసి ఊరుకోకండి, 99వ శాతాంశం చూడండి. ఆరంభ కాలంలో ఒకసారి, చివర ఒకసారి చేయాలి.

శక్తి తనిఖీకి లేజర్-ఇర్విన్ సమీకరణం (ఇద్దరు శాస్త్రవేత్తల పేరుతో, విస్తరించే విశ్వంలో శక్తి లెక్క సరిపోవాలని చెప్పేది) ఉంది. దాన్ని తప్పక నడపండి, కానీ అది ఏకైక సాక్ష్యం కాకూడదు. కణాల విసుర్లు శక్తిని చక్కగానే కాపాడతాయి. శక్తి చెడితే రన్ చెడినట్టే, శక్తి నిలిస్తే మాత్రం రన్ మంచిదని అర్థం కాదు.

32 బిట్ సంఖ్యలతో స్థానాలు దాస్తే 500 మెగాపార్సెక్‌ల బాక్సు అంచు దగ్గర కనీస అడుగు దాదాపు 30 పార్సెక్‌లు. 16 కిలోపార్సెక్‌ల సాఫ్టెనింగ్‌కు పర్వాలేదు. ఒకే హేలోను పెద్దది చేసి 100 పార్సెక్‌ల సాఫ్టెనింగ్‌తో నడిపే రన్‌కు పనికిరాదు.

కొలిచే పనిముట్ల తప్పులు

సిమ్యులేషన్ సరిగ్గా ఉన్నా కొలత చెడగొట్టొచ్చు. ఫోరియర్ జాలకం మీద కణాలను పంచినప్పుడు విండో సవరణ (ఆ పంపకం వల్ల నునుపెక్కినదాన్ని సరిదిద్దడం) చేయాలి, పై సగపు తరంగ సంఖ్యలను అలియాసింగ్ (జాలకం పట్టలేని చిన్న తరంగాలు పెద్దవాటిలా కనిపించడం) కారణంగా వదిలేయాలి, లేదా ఇంటర్‌లేసింగ్ (అర గడి జరిపిన రెండో జాలకంతో సగటు తీయడం) వాడాలి. షాట్ నాయిస్ (పదార్థాన్ని బిందువులతో చూపడం వల్ల స్పెక్ట్రానికి కలిసే నకిలీ శక్తి) మన బాక్సులో 0.116 ఘన మెగాపార్సెక్‌లు. జాలకం నుంచి మొదలైన కణాల్లో ఆరంభాన ఆ నాయిస్ ఉండదు, గుమిగూడిన చోట్లే వస్తుంది. కాబట్టి అధిక రెడ్‌షిఫ్ట్‌లో గుడ్డిగా తీసివేయకండి. తీసివేసిన, తీసివేయని రెండు గీతలూ విడిపోయే చోటే ఆపేయండి.

స్నేహితుల-స్నేహితులు పద్ధతిలో (నిర్ణీత దూరం లోపలి కణాలను కలుపుకుంటూ హేలోలను గుర్తించేది), అనుసంధాన పొడవు సగటు ఎడానికి 0.2 రెట్లు ఉన్నప్పుడు, తక్కువ కణాల హేలోల ద్రవ్యరాశి ఎక్కువగా తేలుతుంది. 2006లో వారెన్, సహచరుల సవరణ ప్రకారం కణాల సంఖ్యను, 1 నుంచి ఆ సంఖ్య మైనస్ 0.6 ఘాతాన్ని తీసేసిన విలువతో గుణించాలి. 100 కణాలకు ఇది 6.3 శాతం, 1,000 కణాలకు 1.6 శాతం.

రెండో కోడ్‌తో

చివరిగా, అదే ఆరంభ ఫైలును వేరే పద్ధతితో పనిచేసే కోడ్‌కు ఇవ్వండి. ట్రీ కోడ్ వాడితే పోలికకు అడాప్టివ్ మెష్ కోడ్ (చిక్కటి చోట్ల గళ్లను చిన్నవి చేసుకుంటూ బలం లెక్కించే రకం) తీసుకోండి. ఒకే కుటుంబపు రెండు కోడ్‌లు ఒకే తప్పు చేయగలవు. 2016లో ష్నైడర్, సహచరులు రామ్‌సెస్, పీకేడీగ్రావ్3, గాడ్జెట్3 అనే కోడ్‌లను పోల్చినప్పుడు తరంగ సంఖ్య 1 వరకు 1 శాతం లోపు, 10 వరకు 3 శాతం లోపు ఏకీభవించాయి. 1 శాతం కచ్చితత్వానికి కనీసం 500 మెగాపార్సెక్‌ల బాక్సు, గరిష్ఠంగా 100 కోట్ల సౌర ద్రవ్యరాశుల కణం కావాలని తేల్చారు. మన ఉదాహరణ బాక్సు మొదటి షరతు అందుకుంటుంది. రెండోదానికి పది రెట్లు బరువెక్కువ. కోడ్‌లన్నీ ఒకే కణాలతో మొదలవుతాయి కాబట్టి, వాటి ఏకీభావం కణాల కొరత వల్ల వచ్చే తప్పును పట్టుకోదు. దానికి పైన చెప్పిన స్వయం సారూప్యత, గళ్ల పట్టిక పరీక్షలే దిక్కు.

డేటా విడుదల చేసేటప్పుడు ప్రతి స్నాప్‌షాట్ పక్కన ఒక చిన్న ఫైలు పెట్టండి. అందులో పవర్ స్పెక్ట్రానికి కనీస, గరిష్ఠ తరంగ సంఖ్యలు, హేలోల సంఖ్యకు కనీస ద్రవ్యరాశి, ప్రొఫైల్‌కు ఒక్కో ద్రవ్యరాశి వద్ద కనీస వ్యాసార్థం, ఒక్కోదానికి శాతంలో లోపం, ఆ సంఖ్య ఏ పరీక్ష నుంచి వచ్చిందో రాయండి. రెడ్‌షిఫ్ట్ మారితే ఈ హద్దులూ మారతాయి కాబట్టి, సున్నా దగ్గర తేల్చినవాటిని 3 దగ్గరి ఫైలులోకి నకలు చేయకండి.